మెరుపు చూసి మోసపోకండి: డ్రాగ్ కారుకి పెట్రోల్ పైపు ఎలా ఎంచుకోవాలి?

ఫోన్లు, చార్జర్లు, ఇయర్‌బడ్స్ రివ్యూ చేసే నేను ఈసారి పెట్రోల్ పైపుల మీద రాస్తున్నానంటే దానికి కారణం మా బావ, ఆయన పాత హోండా సిటీ. అదే, 1.5 లీటర్ వీటెక్. షోరూమ్ నుంచి వచ్చినప్పుడు 106 హార్స్‌పవర్. మా బావ దానికి టర్బో బిగించి, వెనక సీట్లు పీకేసి, డ్రాగ్ స్ట్రిప్ కోసమే ఉంచుకున్నాడు. డ్రాగ్ రేసింగ్ తెలియనివాళ్ల కోసం ఒక్క ముక్క: మలుపులుండవు. రెండు కార్లు పక్కపక్కన నిలబడతాయి, పచ్చ లైటు వెలగగానే తిన్నగా పరుగు. అసలు కొలత పావు మైలు, అంటే 402 మీటర్లు. గీత ముందు దాటినవాడిదే గెలుపు.

గత ఏడాది చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కి వెళ్దామని అన్నీ సర్దుకున్నాం. హైదరాబాద్ నుంచి ఆరు వందల కిలోమీటర్ల పైనే ప్రయాణం. కారుని ట్రాలీ ఎక్కించే ముందు రాత్రి ఒకసారి స్టార్ట్ చేశాడు బావ. నేను రివ్యూకి వచ్చిన ఫోన్‌లో నైట్ మోడ్ టెస్ట్ చేద్దామని బానెట్ దగ్గర నిలబడ్డాను.

"బావా, పెట్రోల్ వాసన వస్తోంది."

"రేస్ కారు కదరా, రాకపోతే వింత."

పైపు పట్టుకుని చూశాడు. పొడిగానే ఉంది. బయట స్టెయిన్‌లెస్ స్టీల్ జల్లెడ అల్లిక, కొత్త గిన్నెలా మెరుస్తోంది. నాకెందుకో నమ్మకం కుదరలేదు. జేబులో లెన్స్ తుడిచే గుడ్డ ఉంటే దాంతో ఆ పైపుని గట్టిగా రుద్ది వాసన చూశాను. గుప్పుమంది. ఫోన్ టార్చ్ వేసి వెతికితే ఒక ఫిటింగ్ దగ్గర అల్లిక తడిగా కనిపించింది. అక్కడ చుక్క మెల్లగా ఊరుతోంది. దానికి జానెడు కింద టర్బో మానిఫోల్డ్.

పెట్రోల్ అంటుకోవడానికి నిప్పురవ్వే అక్కర్లేదు. సుమారు 250 నుంచి 280 డిగ్రీల వేడి తగిలితే తనంతట తనే మండుతుంది. ఫుల్ లోడ్‌లో టర్బో మానిఫోల్డ్ ఎర్రగా కాలుతుంది, అంటే ఆ అంకెకి రెండు రెట్లు పైనే. ఇంజిన్ ఆపేశాం. ట్రిప్ క్యాన్సిల్. కట్టిన ఎంట్రీ ఫీజు పోయింది. బావ రెండు రోజులు నాతో మాట్లాడలేదు, తప్పేదో నా లెన్స్ గుడ్డదే అన్నట్టు.

పైపు కోసి చూస్తే

మూడో రోజు మా ఉస్తాద్ ఆ పైపుని నిలువునా కోశాడు. బయటి స్టీల్ అల్లిక నిన్ననే కొన్నట్టుంది. లోపలి రబ్బరు మాత్రం ఉబ్బి, మెత్తబడి, గోరుతో గీస్తే ఊడి వస్తోంది. ఫ్యూయల్ ఫిల్టర్ విప్పితే నల్లటి నలకలు. అవి ఇంకొన్నాళ్లు వచ్చుంటే ఇంజెక్టర్లు మూసుకుపోయేవి. ఒక సిలిండర్‌కి పెట్రోల్ తక్కువై పిస్టన్ కరిగిపోయేదేమో.

ఆ పైపు కొని ఏడాది కూడా కాలేదు. అమ్మిన షాపతను చెప్పిన మాట బావకి ఇంకా గుర్తుంది: "రేసింగ్ పైపు సాబ్, ఏం పోసినా తట్టుకుంటది." పైపు మొత్తం తిప్పి చూశాం. దాని మీద ఒక్క అక్షరం కూడా ప్రింట్ అయి లేదు.

మన భాషలో చెప్పాలంటే ఇది యూఎస్‌బీ-సీ కేబుల్ కథే. రెండు కేబుల్స్ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. ఒకటి 60 వాట్ల దగ్గర ఆగిపోతుంది, ఇంకోటి 240 వాట్లు మోస్తుంది. తేడా పైన నైలాన్ అల్లికలో లేదు. లోపలి వైర్లలో, కనెక్టర్‌లో దాగిన ఈ-మార్కర్ చిప్‌లో ఉంది. పెట్రోల్ పైపుకీ అంతే. బయటి అల్లిక కాపలాదారు మాత్రమే. పెట్రోల్‌తో రోజూ కాపురం చేసేది లోపలి పొర. కొనేటప్పుడు అడగాల్సింది దాని గురించే.

ముందు ఫ్యూయల్ సంగతి

ఏ మెటీరియల్ మంచిదని అడిగే ముందు అందులో ఏం పారుతుందో తేల్చుకోవాలి. 2025లో మన దేశం పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్ కలిపే స్థాయికి చేరింది. అంటే బంక్‌లో మనం కొట్టించేది చాలావరకు ఈ20. పాత కార్లలో, పాత బైకుల్లో ఉన్న మామూలు నైట్రైల్ రబ్బరు పైపులు ఇథనాల్ ఇంత ఉంటుందనే లెక్కతో చేసినవి కావు. ఇథనాల్ ఆ రబ్బరులోకి చొరబడి దాన్ని ఉబ్బిస్తుంది, మెత్తగా ఉంచే పదార్థాల్ని బయటికి లాగేస్తుంది. తర్వాత పైపు ఎండితే గట్టిపడి పగుళ్లు ఇస్తుంది. రోజూ తిరిగే కారు కంటే నెలల తరబడి షెడ్‌లో ఉండే రేస్ కారుకి ఈ తడి-పొడి ఆట ఎక్కువ. బావ కారుకి జరిగింది సరిగ్గా ఇదే.

అమెరికాలో డ్రాగ్ కుర్రాళ్లకి ఈ85 అంటే ప్రాణం. ఆక్టేన్ ఎక్కువ, ఇంజిన్‌ని లోపల నుంచి చల్లబరుస్తుంది. దానికి మామూలు రబ్బరు అసలు పనికిరాదు. మిథనాల్ పోసే కార్లయితే ఇంకా జాగ్రత్త: అది పూత లేని అల్యూమినియాన్ని కూడా తింటుంది. కాబట్టి "ఫలానా పైపు బెస్ట్" అని ఎవరైనా అంటే, దేనికి బెస్ట్ అని అడగండి.

ఆప్షన్లు ఒక్కొక్కటిగా

మామూలు రబ్బరు: మంచి కంపెనీ పైపు మీద ఎస్ఏఈ 30ఆర్7, 30ఆర్9, 30ఆర్14 లాంటి కోడ్ అచ్చు వేసి ఉంటుంది. ఆర్6, ఆర్7 కార్బ్యురేటర్ కాలం నాటివి, సుమారు 50 పీఎస్ఐ వరకే. కార్బ్యురేటర్‌కి అయిదారు పీఎస్ఐ చాలు కాబట్టి అక్కడ సరిపోతాయి. ఫ్యూయల్ ఇంజెక్షన్‌లో మామూలుగా 40 నుంచి 60 పీఎస్ఐ నడుస్తుంది. అక్కడ ఆర్9 కావాలి. దాని లోపలి పొర ఫ్లోరోఎలాస్టమర్, ఇథనాల్‌ని బాగా తట్టుకుంటుంది. ట్యాంక్ లోపల, పెట్రోల్‌లో మునిగి ఉండే ముక్కకి మాత్రం వేరే కోడ్ ఉంది: ఆర్10. మిగతా పైపులు లోపల నుంచి పెట్రోల్‌ని తట్టుకుంటాయి గానీ బయటి పొర మునిగితే పాడవుతుంది. చాలామంది మెకానిక్‌లు ఇక్కడే పొరపాటు పడతారు. పంప్ మార్చినప్పుడు చేతికందిన ముక్క వేసేస్తారు, రెండు నెలలకి అది ట్యాంక్‌లో చీలిపోతుంది.

స్టీల్ అల్లిక, లోపల రబ్బరు: బావ కొన్న టైపు. చూడ్డానికి రేస్ కారు లుక్, వంచడం తేలిక, రాళ్ల దెబ్బకి రక్షణ. మైనస్ ఏంటంటే, లోపలి రబ్బరు ఏదో తెలియకపోతే లాటరీ కొన్నట్టే. మంచిదైనా కొన్నేళ్లకి ఆవిరి బయటికి ఇంకుతుంది, షెడ్ అంతా వాసన. పైగా అల్లిక కప్పేయడం వల్ల పగుళ్లు మన కంటికి కనపడవు. ఇంకో సంగతి, ఆ స్టీల్ అల్లిక ఆకురాయి లాంటిది. క్లాంప్ లేకుండా వదిలేస్తే ఊగి ఊగి పక్కనున్న వైరింగ్‌ని, అల్యూమినియాన్ని కోసేస్తుంది.

పీటీఎఫ్ఈ: నాన్‌స్టిక్ పెనం మీద ఉండే పూత తెలుసుగా, అదే పదార్థం. ఇథనాల్, మిథనాల్, రేస్ గ్యాస్ ఏది పోసినా చలించదు, వాసన దాదాపు బయటికి రానివ్వదు, 200 డిగ్రీలు దాటినా తట్టుకుంటుంది. అయితే మూడు షరతులు. ఒకటి, రబ్బరులా ఎటు పడితే అటు వంగదు. మరీ ముడిస్తే మడతపడి పెట్రోల్ దారి మూసుకుపోతుంది. రెండు, దీని ఫిటింగ్స్ వేరు. రబ్బరు పైపు ఫిటింగ్ దీనికి బిగిస్తే కూర్చున్నట్టే ఉంటుంది గానీ ఒత్తిడికి జారుతుంది. మూడోది అందరూ మర్చిపోయేది. ఉత్త పీటీఎఫ్ఈ కరెంటుని పోనివ్వదు. పెట్రోల్ వేగంగా పారే కొద్దీ లోపల స్టాటిక్ చార్జ్ పేరుకుంటుంది, అది దూకినప్పుడు గొట్టానికి సూది బెజ్జాలు పడతాయి. అందుకే పెట్రోల్‌కి కార్బన్ కలిపిన కండక్టివ్ రకం కావాలి. కోసి చూస్తే తెల్లగా కాకుండా లోపల నల్లగా ఉంటుంది. నల్లగా ఉంటే చాలదు, "కండక్టివ్" అని కంపెనీ రాతపూర్వకంగా చెప్పాలి.

నైలాన్ ట్యూబ్: మీ ఇంట్లో కొత్త కారు ఉంటే కింద చాలావరకు ఇదే. తేలిక, తుప్పు పట్టదు, క్లిక్‌మని పడే క్విక్ కనెక్టర్లు. వేడి దగ్గర మాత్రం మెత్తబడుతుంది, టర్బో పక్కన దీనికి చోటు లేదు. మామూలు క్లాంప్ బిగిస్తే కూడా సీల్ కాదు.

మెటల్ లైన్: ట్యాంక్ నుంచి ఇంజిన్ దాకా కారు కింద వెళ్లే పొడవాటి దారికి ఇదే రాజు. అల్యూమినియం తేలిక, చేత్తో వంచొచ్చు. కానీ వైబ్రేషన్‌కి అలిసిపోయి చీలుతుంది. స్టెయిన్‌లెస్ మొండిది, ఏళ్లు నిలుస్తుంది. వంచడానికి బెండర్, చివర విప్పడానికి మంచి ఫ్లేరింగ్ టూల్, చేతిలో ఓపిక ఉండాలి. కాపర్-నికెల్ వంచడం సులువు, తుప్పు పట్టదు, ధర కాస్త ఎక్కువ. ఏసీ మెకానిక్ దగ్గర దొరికే ఉత్త రాగి గొట్టం మాత్రం వద్దు. వైబ్రేషన్‌కి గట్టిపడి పగులుతుంది, పైగా రాగి తగిలితే పెట్రోల్ తొందరగా చెడి జిగురు కడుతుంది.

రూల్ వెనక ఒక గాయం ఉంటుంది

అమెరికాలో డ్రాగ్ రేసింగ్‌ని నడిపించే ఎన్‌హెచ్ఆర్ఏ రూల్‌బుక్‌లో ఫ్యూయల్ లైన్ల మీద ఒక పేరా ఉంది. కంపెనీ ఇచ్చిన లైన్ మారిస్తే కొత్తది మెటల్ అయినా, స్టీల్ అల్లికదైనా, వాళ్లు ఒప్పుకున్న అల్లిక పైపైనా అయ్యుండాలి. ఉత్త రబ్బరు కారు మొత్తం మీద కలిపి 12 అంగుళాలు దాటకూడదు, అదీ అతుకుల కోసమే. ఫ్లైవీల్ పక్క నుంచి వెళ్లే లైన్ స్టీల్ అల్లికది కాకపోతే, 16 అంగుళాల పొడవు, అంగుళంలో ఎనిమిదో వంతు మందం ఉన్న స్టీల్ గొట్టంలో దూర్చాలి. డ్రైవ్‌షాఫ్ట్ సొరంగంలోంచి లైన్ వెళ్లకూడదు.

ఇంత పట్టుదల ఎందుకో తెలియాలంటే 1970 మార్చి 8కి వెళ్లాలి. కాలిఫోర్నియాలోని లయన్స్ డ్రాగ్ స్ట్రిప్‌లో డాన్ గార్లిట్స్ కారు ట్రాన్స్‌మిషన్ స్టార్ట్ లైన్ దగ్గరే పేలింది. కారు రెండు ముక్కలైంది, ఆయన కుడి పాదంలో కొంత భాగం పోయింది. ఆ మంచం మీద నుంచి లేచాక ఆయన ఇంజిన్‌ని డ్రైవర్ వెనక పెట్టిన కారు కట్టి 1971లో గెలుపులు మొదలుపెట్టాడు. తర్వాత ఆ క్లాస్ మొత్తం ఆ దారే పట్టింది. మనకి ఇందులో పాఠం ఒక్కటే: వేగంగా తిరిగే ఏ ముక్కైనా పగిలితే తన దారిలో ఉన్నదాన్నల్లా నరుకుతుంది. ఆ దారిలో పెట్రోల్ పైపు ఉండకూడదు. పైపు ఎంత మంచిదన్నది తర్వాతి ప్రశ్న, ఎక్కడ నుంచి వెళ్తోందన్నది ముందు ప్రశ్న.

సైజ్: పెద్దది కొంటే గొప్పా?

రేస్ ఫిటింగ్స్ మీద ఏఎన్-6, ఏఎన్-8 అని ఉంటుంది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో అమెరికన్ ఆర్మీ, నేవీ కలిసి పెట్టుకున్న కొలత అది. అంకె అంటే అంగుళంలో పదహారో వంతులు. 6 అంటే పదహారింట ఆరు, అదే 3/8 అంగుళం మెటల్ ట్యూబ్ బయటి కొలత. ఫ్లేర్ కోణం 37 డిగ్రీలు. మామూలు ఆటో షాపు ఫ్లేర్ 45 డిగ్రీలు. రెండూ కలిపి బిగిస్తే లీక్ ఖాయం.

లెక్క వేద్దాం. టర్బో పెట్రోల్ ఇంజిన్‌కి ఒక్కో హార్స్‌పవర్‌కి గంటకి సుమారు 270 గ్రాముల పెట్రోల్ అనుకోండి. బావ టార్గెట్ 200 హార్స్‌పవర్. అంటే గంటకి 54 కిలోలు, దాదాపు 73 లీటర్లు. 14 సెకన్ల పరుగు మొత్తం ఫుల్ త్రాటిల్ అనుకున్నా, అర లీటర్ నీళ్ల సీసాలో సగం తాగుతుందన్నమాట! ఈ85 పోస్తే ఇంకో 30, 40 శాతం ఎక్కువ. ఇంతకి ఏఎన్-6 హాయిగా సరిపోతుంది. ఏఎన్-8 వేస్తే బరువు, ఖర్చు తప్ప ఒరిగేదేం లేదు.

ఇంకో సరదా లెక్క. కారు ముందుకి దూకినప్పుడు పైపులోని పెట్రోల్ వెనక్కి తోసుకుంటుంది, బస్సు కదలగానే మనం వెనక్కి పడ్డట్టు. ట్యాంక్ వెనక, ఇంజిన్ ముందు, మధ్యలో 3 మీటర్ల పైపు అనుకుంటే, 1జీ త్వరణానికి దాదాపు 3 పీఎస్ఐ ప్రెషర్ తగ్గుతుంది. 43 పీఎస్ఐ ఇంజెక్షన్‌కి అది పెద్ద లెక్క కాదు, ఇంజిన్ దగ్గరి రెగ్యులేటర్ సర్దేస్తుంది. కానీ 6 పీఎస్ఐతో నడిచే కార్బ్యురేటర్ డ్రాగ్ కారుకి అది సగం! అందుకే వాళ్లు పెద్ద పైపు, బలమైన పంప్ పెట్టి, రెగ్యులేటర్‌ని కార్బ్యురేటర్ పక్కనే ఉంచుతారు.

చివరికి మేం ఏం వేశాం

సికింద్రాబాద్ రాణిగంజ్‌లో ఒక పూటంతా తిరిగాం. ఈసారి బావ మెరుపు చూడలేదు, కళ్లజోడు పెట్టుకుని పైపు మీద రాత చదివాడు. కారు కింద పొడవాటి దారికి స్టెయిన్‌లెస్ గొట్టం. ట్యాంక్ వైపు చివర, ఇంజిన్ వైపు చివర మాత్రం కండక్టివ్ పీటీఎఫ్ఈ, ఎందుకంటే ఇంజిన్ ఊగుతుంది, బాడీ ఊగదు, మధ్యలో వంగేది ఏదో ఒకటి ఉండాలి. ట్యాంక్ లోపల ఆర్10 ముక్క. ప్రతి అడుగుకీ రబ్బరు పొర ఉన్న క్లాంప్. టర్బో మానిఫోల్డ్ వైపు వెళ్లే దారి పూర్తిగా మార్చి, ఫైర్‌వాల్ అవతలి మూల నుంచి తెచ్చాం.

ఖర్చు? పైపు కంటే ఫిటింగ్స్‌కే ఎక్కువైంది. బావ గొణిగాడు. "ఫోన్‌కి కవర్ కొనేటప్పుడు ఇట్లనే అనిపిస్తది" అని ఉస్తాద్ నవ్వాడు.

పీటీఎఫ్ఈ కోసేటప్పుడు చుట్టూ టేప్ చుట్టి, పదునైన బ్లేడ్‌తో నిటారుగా కోయాలి. లోపలి గొట్టం మీద గీత పడితే ఆ చివర వాడకూడదు, మళ్లీ కోయాలి. చిన్న ఇత్తడి ఉంగరం ఒకటి అల్లికకీ లోపలి గొట్టానికీ మధ్య సరిగ్గా కూర్చోవాలి. మేం మొదటి రెండు చివరలు పాడుచేశాం, కాబట్టి ఒక అడుగు ఎక్కువే కొనండి. బిగించాక లోపలి పొడి పోయేలా గాలి కొట్టి, ఇంజెక్టర్లకి కలపకముందే కొంచెం పెట్రోల్ డబ్బాలోకి పారించాం. తర్వాత ఇంజిన్ స్టార్ట్ చేయకుండా పంప్ మాత్రం ఆన్ చేసి, ప్రతి జాయింట్ కింద పొడి టిష్యూ పెట్టి పది నిమిషాలు కూర్చున్నాం. పక్కన ఫైర్ ఎక్స్‌టింగ్విషర్. అన్ని టిష్యూలూ పొడిగానే ఉన్నాయి.

రేస్ కారు లేనివాళ్లకి

మీకు డ్రాగ్ కారు లేకపోవచ్చు. పదేళ్లు దాటిన బైక్ ఉందిగా? ఇంట్లో నాన్నగారి పాత కారు ఉందిగా? ఈ ఆదివారం ఇంజిన్ పూర్తిగా చల్లారాక శుభ్రమైన పొడి గుడ్డతో పెట్రోల్ పైపుని ఈ చివర నుంచి ఆ చివర దాకా రుద్ది, వాసన చూడండి. పెట్రోల్ వాసన గట్టిగా వస్తే, వేలితో నొక్కినప్పుడు పైపు మరీ మెత్తగా ఉన్నా, గట్టిపడి పగుళ్లు కనిపించినా, మార్చేయండి. కొత్తది కొనేటప్పుడు మీద కోడ్ ఉందో లేదో చూడండి, లేకపోతే షాపతను ఎంత ఒట్టేసినా వద్దు. పైపులోకి కోసుకుపోయే పదునంచు క్లాంపుల బదులు, అంచు మడిచిన ఫ్యూయల్ ఇంజెక్షన్ క్లాంపులు అడగండి. నాలుగు రూపాయలే తేడా.

మా వెర్డిక్ట్ అయితే ఇది: దూరానికి మెటల్, వంపుకి కండక్టివ్ పీటీఎఫ్ఈ, బడ్జెట్ లేకపోతే కోడ్ ఉన్న ఆర్9 రబ్బరుని పొట్టిగా వాడండి. పేరు లేని మెరిసే అల్లిక మాత్రం ఎంత చౌకగా వచ్చినా వద్దు.

బావ కారు ఇప్పుడు మళ్లీ స్ట్రిప్‌కి రెడీ. మొన్న బానెట్ ఎత్తితే మూల ఒక తీగకి ఏదో వేలాడుతోంది. దగ్గరికెళ్లి చూస్తే నా లెన్స్ గుడ్డ. "అది ఇక్కడే ఉండనీ" అన్నాడు, "ప్రతిసారి బయల్దేరే ముందు తుడుస్తా."